ఇంటర్ తరువాత జర్మనీలో నర్సింగ్ చదవవచ్చా?

గుంటూరులో బైపీసీ పూర్తిచేసిన మీ చెల్లెలు జర్మనీలో నర్సు కావచ్చా అని అడిగారు. కావచ్చు. అక్కడి శిక్షణ మూడేళ్లు: తరగతిలో 2,100 గంటలు, ఆసుపత్రులు, వృద్ధుల సంరక్షణ కేంద్రాల వంటి చోట్ల 2,500 గంటలు. 2020 నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం స్కూలు ఫీజు ఉండదు. పైగా శిక్షణనిచ్చే సంస్థే నెలనెలా భత్యం ఇస్తుంది. అందుకే సీటుకు లక్షలు అడిగే ఏజెంటు విజయవాడ బెంజిసర్కిల్‌లో ఎంత పెద్ద ఆఫీసు పెట్టినా, ఆ డబ్బు దేనికో నిలదీయండి.

అసలు కష్టం జర్మన్ భాష. చాలా సంస్థలు బీ2 స్థాయి (భాషా ప్రావీణ్యానికి ఉన్న ఆరు మెట్లలో నాలుగోది) అడుగుతాయి. రోగితో మాట్లాడాల్సింది, చివర్లో రాత, మౌఖిక, ప్రాక్టికల్ పరీక్షలు నెగ్గాల్సిందీ ఆ భాషలోనే. ఇక్కడే బీఎస్సీ నర్సింగ్ చదివి వెళ్తే ఆ డిగ్రీకి అక్కడ గుర్తింపు తెచ్చుకోవాలి. పాఠ్యాంశాల్లో తేడా తేలితే అదనపు శిక్షణో, పరీక్షో తప్పదు.