మూడు లక్షల నలభై వేల సైకిల్, పదమూడున్నర వేల మిగులు

ప్రశ్న: నమస్తే సార్. నాకు 34 ఏళ్లు. ఒడిశాలోని రాయగడలో ఉంటున్నాం, ఇక్కడి ఫ్యాక్టరీలో షిఫ్ట్ ఇంజినీరును. జీతం చేతికి 74,000 వస్తుంది. ఇంటి ఖర్చు 43,000, ఊళ్లో నాన్నగారి ఇల్లు బాగుచేయించడానికి తీసుకున్న లోను వాయిదా 9,500, మ్యూచువల్ ఫండ్ సిప్ 5,000, పాప పేరున సుకన్య సమృద్ధికి 3,000 పోను నెలకు 13,500 మిగులుతాయి. బ్యాంకులో 1,60,000 ఎఫ్‌డీ ఉంది. 2021లో 38,000 పెట్టి రోడ్ బైక్ కొన్నాను. ప్రతి ఆదివారం మజ్జిగౌరమ్మ గుడి దగ్గర బయలుదేరి పార్వతీపురం వైపో కోరాపుట్ రోడ్డులోనో 80 కిలోమీటర్ల దాకా తొక్కుతాను. సగటు వేగం గంటకు 23 కిలోమీటర్లు. వచ్చే ఏడాది 200 కిలోమీటర్ల బ్రెవే (గడువులోపు ముగించాల్సిన దూరపు సైకిల్ ప్రయాణం) పూర్తి చేయాలని, ఎప్పటికైనా దేవమాలి కొండ ఎక్కాలని కోరిక. విశాఖలో ఒక షాపులో కార్బన్ ఫ్రేమ్, ఎలక్ట్రానిక్ గేర్లు ఉన్న సైకిల్ చూశాను, 3,40,000. ఎఫ్‌డీలోంచి 40,000 తీసి, మిగతా 3 లక్షలకు పర్సనల్ లోన్ పెడదామనుకుంటున్నాను. జీఎస్టీ తగ్గింది కాబట్టి ఇప్పుడే తీసుకోమని షాపువాళ్లు అంటున్నారు. ఆ డబ్బుతో పాత కారు వస్తుందని మా ఆవిడ అంటోంది. కావాలంటే తన చిట్టీ ఎత్తవచ్చు. అంత ఖరీదు సైకిల్‌కి నిజంగా విలువ ఉందా?

జవాబు: ముందుగా కారు మాట పక్కన పెడదాం. పాత కారు కొంటే పెట్రోలు, బీమా, మెకానిక్కు నెల నెలా అడుగుతూనే ఉంటాయి. మీకు కారు అవసరమని మీరిద్దరూ ఎక్కడా రాయలేదు. మీ ఆవిడ గారు అడుగుతున్నది కారు గురించి కాదని నా అనుమానం. ఇంట్లో అంత పెద్ద మొత్తం ఒక్కరి సరదాకి పోతోందే అన్నది ఆవిడ బాధ. ఆ చిట్టీ ఆవిడ డబ్బు. ఆవిడంతట ఆవిడ ఇస్తానంటే తప్ప నేను దాన్ని ఈ లెక్కలోకి తీసుకోను. పైగా మధ్యలో పాట పాడి ఎత్తితే వదులుకునే సొమ్ము కూడా ఒక రకం వడ్డీయే.

ఇక సైకిల్. మీ ఒంటి బరువు రాయలేదు కాబట్టి 74 కిలోలనుకుందాం. మీ పాత సైకిల్ 11 కిలోలు, నీళ్ల సీసాలు, బూట్లు, పనిముట్లు కలిపి ఇంకో 3 కిలోలు. మొత్తం 88. మీరు చూసిన కార్బన్ సైకిల్ సుమారు 8.2 కిలోలు ఉంటుందనుకుంటే, తగ్గేది 2.8 కిలోలు. నిటారు ఎక్కుడులో పట్టే సమయం దాదాపు మొత్తం బరువును బట్టే ఉంటుంది. అంటే 3 శాతం చిల్లర. గంటసేపు ఎక్కే ఘాట్‌లో మీకు మిగిలేది రెండు నిమిషాల లోపు. అదే 1,10,000 పెట్టి తొమ్మిదిన్నర కిలోల మంచి అల్యూమినియం సైకిల్ కొంటే ఒక నిమిషం మిగులుతుంది. అంటే పైన పెట్టే 2,30,000 మీకు తెచ్చిపెట్టేది ఇంకో నిమిషం కూడా కాదు. తగ్గే బరువు 1.3 కిలోలు, గ్రాముకు 175 రూపాయల పైమాటే.

ఇది ఎక్కుడు లెక్క. పల్లంలో, చదును రోడ్డు మీద బరువు తేడా దాదాపు లేనట్టే. వేగం 25 దాటాక మిమ్మల్ని ఆపేది ఎక్కువగా గాలి, ఆ గాలికి అడ్డంగా ఉండేది ముఖ్యంగా మీ ఒళ్లు. ఎంత ఖరీదు ఫ్రేమ్ అయినా మీ భుజాల వెడల్పు తగ్గించలేదు. సీటు ఎత్తు, హ్యాండిల్ దూరం మీ కొలతకు సరిచేయించుకుంటే అలసట లేకుండా వంగి తొక్కగలుగుతారు. ఆ పనికి కొన్ని వేలు చాలు. పోటీల్లో తొక్కేవాళ్ల సంగతి వేరు. వాళ్లకి కూడా 6.8 కిలోల కన్నా తేలికైన సైకిల్ పనికిరాదని అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య 2000 నుంచే గీత గీసింది. చివరి అర నిమిషం కోసం లక్షలు పెట్టడం వాళ్ల వృత్తి.

బ్రెవే విషయానికొస్తే, 200 కిలోమీటర్లకు ఇచ్చే గడువు 13 గంటల 30 నిమిషాలు. ఆగడాలు, టీలు, పంక్చర్లు అన్నీ కలుపుకుని గంటకు 15 కిలోమీటర్లు పడితే చాలు. మీరు ఇప్పుడే 23 మీద ఉన్నారు. మిమ్మల్ని ఆపేది సైకిల్ కాదు. ఎనభై దాటాక నడుము నొప్పి, చేతుల తిమ్మిరి, ఎండలో తిండి, నీళ్లు, చీకటి పడితే లైట్లు, ఇవే ఆపుతాయి. పాత సైకిల్ మీదే ఆ 200 పూర్తి చేయండి. అది అయ్యాక మీకేం కావాలో షాపువాళ్ల కన్నా మీకే బాగా తెలుస్తుంది.

అసలు ఖరీదు షాపు చీటీ మీద ఉండేది కాదు. మీరు రాయగడలో ఉన్నారు. ఈ మాట విశాఖలో షాపువాళ్లు చెప్పరు, చెప్పాల్సిన అవసరం వాళ్లకి లేదు. నూనె ఒత్తిడితో పనిచేసే హైడ్రాలిక్ బ్రేకుల్లో గాలి చేరితే తీసే మనిషి, ఎలక్ట్రానిక్ గేర్లు మొరాయిస్తే లోపం ఎక్కడుందో చూసే పరికరం, కార్బన్ మీద బోల్టును కొలిచి బిగించే టార్క్ రెంచి, ఇవి మీ ఊళ్లో వెతికినా దొరకడం కష్టం. మామూలు సైకిల్ షాపు కుర్రాడు అలవాటు కొద్దీ ఇంకో పావు తిప్పు బిగిస్తే ఇనుము ఓర్చుకుంటుంది, కార్బన్ చిట్లుతుంది. ఆ చిట్లు ఒక్కోసారి పైకి కనబడదు కూడా. అప్పుడు సైకిల్‌ని సంచిలో కట్టి రైల్లో విశాఖ తీసుకెళ్లాలి, మళ్లీ తెచ్చుకోవాలి, మధ్యలో రెండు ఆదివారాలు పోతాయి. డీరైలర్ హ్యాంగర్ అని వెనక గేర్లు వేలాడే చిన్న లోహపు ముక్క ఒకటి ఉంటుంది. సైకిల్ పక్కకి పడితే అది వంగుతుంది, లేదా విరుగుతుంది. ఖరీదు పెద్దది కాదు, కానీ చాలామటుకు ఒక మోడల్‌ది ఇంకో మోడల్‌కి సరిపోదు. అది లేక లక్షల సైకిల్ వారాల తరబడి గోడకి ఆనించి ఉండటం సైకిల్ వాళ్లకి కొత్త కాదు. ఏ సైకిల్ కొన్నా అది రెండు కొనండి, ఒకటి సీటు కింద సంచిలో పెట్టుకోండి.

ఇప్పుడు కిలోమీటరు లెక్క చూద్దాం. వారానికి 80 చొప్పున ఏడాదికి 4,000, అయిదేళ్లకి 20,000 కిలోమీటర్లు. మీరనుకున్న 3 లక్షల పర్సనల్ లోన్ 14 శాతానికి రెండేళ్లకి తీసుకుంటే వాయిదా 14,400, మొత్తం వడ్డీ 45,700 దాకా. సర్వీసు, గొలుసు, వెనక పళ్లచక్రాల గుత్తి (క్యాసెట్), టైర్లు, విశాఖ రాకపోకలు ఏడాదికి 15,000 అనుకుందాం. అయిదేళ్ల తర్వాత అమ్మితే లక్ష వస్తుందనుకుందాం. అది కాస్త ఉదారమైన ఊహే, ఎందుకంటే చాలా కంపెనీల ఫ్రేమ్ వారంటీ మొదట కొన్నవారికే, రెండో చేతికి వెళ్లదు. ఇదంతా కలిపి భాగిస్తే కిలోమీటరుకు 18 రూపాయలు. 1,10,000 సైకిల్‌ని అప్పు లేకుండా కొని, ఏడాదికి 8,000 ఖర్చు పెట్టి, చివర్లో 40,000కి అమ్మితే అయిదున్నర.

పద్దెనిమిదైతే మాత్రం ఏం, సరదాకి లెక్కేంటి అనొచ్చు. ఒప్పుకుంటాను. సరదా కూడా ఖర్చు పెట్టదగిన విషయమే. అత్యవసర నిధి నిండుగా ఉండి, బీమా సరిగ్గా ఉండి, చేతిలో ఉన్న డబ్బుతో కొంటున్నానని మీరు రాసి ఉంటే, ఈ గ్రాముల లెక్కలేవీ చెప్పకుండా రంగు ఏది బాగుందో అడిగేవాణ్ని. మీ పరిస్థితి అది కాదు. మిగులు 13,500, వాయిదా 14,400. మొదటి నెలే 900 తక్కువ. సిప్ ఆపాలి, లేదా పాప ఖాతాలో వేసేది తగ్గించాలి. సుకన్య సమృద్ధి వడ్డీ 2024 జనవరిలో 8.2 శాతానికి పెరిగింది. అంత వడ్డీ, అదీ పన్ను లేకుండా వచ్చే చోట వేయడం తగ్గించి, 14 శాతానికి అప్పు కట్టడం ఏ లెక్కన చూసినా నష్టమే.

ఎఫ్‌డీని కూడా ముట్టుకోవద్దు. మీ ఇంటి ఖర్చు, లోను వాయిదా కలిపితే 52,500. ఆరు నెలలకు 3,15,000. మీ దగ్గర ఉన్నది అందులో సగం. సరిహద్దు జిల్లాల వాళ్లకి నేను ఆరు నెలలకు తక్కువ చెప్పను. పెద్ద జబ్బు చేస్తే మనం పరుగెత్తేది విశాఖకే, కంపెనీ ఆరోగ్య బీమా కార్డు ఆ ఆసుపత్రిలో నగదు లేకుండా చెల్లుతుందో లేదో అక్కడికి వెళ్లాకే తెలుస్తుంది. వెంట వెళ్లినవాళ్ల బస, తిండి, రాకపోకలు సాధారణంగా పాలసీ ఇవ్వదు. మీ కంపెనీ కార్డుకి విశాఖలో ఏయే ఆసుపత్రులున్నాయో ఈ వారమే జాబితా తెప్పించుకోండి.

జీఎస్టీ మాట షాపువాళ్లు సగమే చెప్పారు. 2025 సెప్టెంబర్ 22 నుంచి సైకిళ్ల మీద పన్ను 12 నుంచి 5 శాతానికి తగ్గిన మాట నిజం. అది పండుగ డిస్కౌంటు కాదు, రేపటికి పోదు, లక్ష సైకిల్‌కీ అదే పన్ను. అదే రోజు నుంచి వ్యక్తిగత జీవిత, ఆరోగ్య బీమా ప్రీమియాల మీద ఉన్న 18 శాతం జీఎస్టీ పూర్తిగా పోయింది. మీకు అసలు ఉపయోగపడే తగ్గింపు ఇది. మీ ఉత్తరంలో టర్మ్ బీమా మాటే లేదు. భార్య, పాప, నాన్నగారి లోను మీ మీద ఉన్నాయి, పైగా టికిరి వైపు నుంచి అల్యూమినా లారీలు తిరిగే రోడ్ల మీద తెల్లవారుజామున సైకిల్ తొక్కుతారు. మీ వయసులో పొగతాగని వ్యక్తికి కోటి రూపాయల కవర్ నెలకు వెయ్యి, పదిహేను వందల మధ్య దొరుకుతుంది. దానితో పాటు ప్రమాద బీమా కూడా తీసుకోండి. ఏమీ కాకపోతే బ్యాంకులో ఏడాదికి 20 రూపాయలకి వచ్చే ప్రధానమంత్రి సురక్షా బీమా ఫారం అయినా నింపండి, 2 లక్షల దాకా ఇస్తుంది.

లోన్ వద్దంటే షాపువాళ్లు తర్వాత వడ్డీ లేని ఈఎంఐ అంటారు. 2013లోనే రిజర్వ్ బ్యాంకు ఈ సున్నా వడ్డీ పథకాలను తప్పుబట్టింది, వడ్డీని ఎక్కడో దాచడమే ఇందులో జరిగేదని. దాచే చోటు సాధారణంగా మీకు రావలసిన నగదు తగ్గింపు. పూర్తిగా ఇప్పుడే కడితే ఎంతకిస్తారని అడగండి, ఆ తేడానే వడ్డీ. క్రెడిట్ కార్డు మీద అయితే ఆ వడ్డీ భాగానికి 18 శాతం జీఎస్టీ కూడా బిల్లులో కనబడుతుంది. పైగా 12 నెలలకంటే వాయిదా 28,000 దాటుతుంది.

మరి ఏం చేయాలి? ఈ నెల మిగులులోంచి పదివేలు పాత సైకిల్ మీద పెట్టండి. ఫ్రేమ్‌లో చోటుంటే 28 మిల్లీమీటర్ల మంచి టైర్లు, కొత్త బ్రేక్ ప్యాడ్లు, ముందు వెనక లైట్లు, విశాఖలో ఒకసారి కొలతలు సరిచేయించడం. వచ్చే నెల నుంచి టర్మ్ బీమా పోను మిగిలే 12,000ను రెండు ఆర్‌డీలుగా చేయండి, 6,000 అత్యవసర నిధికి, 6,000 సైకిల్‌కి. ఆరున్నర శాతం దగ్గర ఒక్కొక్కటి ఏడాదికి 74,000 దాటుతుంది. దసరా ముందు బోనస్ వస్తే అందులో సగం సైకిల్ వైపు వేయండి, సగం ఇంట్లో ఇవ్వండి. పాతది అమ్మితే ఎంతో కొంత కలుస్తుంది. ఏడాది, ఏడాదిన్నర మధ్యలో లక్ష, లక్షా పదివేలు చేతిలో ఉంటాయి. సైకిల్ వచ్చాక ఆ ఆర్‌డీని కూడా అత్యవసర నిధికే మళ్లించండి.

అప్పుడు కొనే సైకిల్‌లో కార్బన్ కోసం చూడకండి. డిస్క్ బ్రేకులు తప్పనిసరి, వానాకాలంలో కోరాపుట్ వైపు నుంచి దిగేటప్పుడు వాటి విలువ తెలుస్తుంది. 32 మిల్లీమీటర్ల టైరు పట్టాలి. ముందు పళ్లచక్రాలు 50, 34, వెనక పెద్దది 34 పళ్లది ఉంటే దేవమాలి లాంటి ఎక్కుడులో మోకాళ్లు బతుకుతాయి, ఆ ఒక్క మార్పు తేలికైన ఫ్రేమ్ కన్నా ఎక్కువ సాయం చేస్తుంది. గేర్లు తీగలతో నడిచేవే తీసుకోండి, షిమానో కంపెనీ గేర్లలో సోరా రకం గానీ టియాగ్రా రకం గానీ. తీగ తెగితే ఇంట్లో కూర్చుని మీరే మార్చుకోవచ్చు.

పాత కార్బన్ సైకిళ్లు హైదరాబాద్, బెంగళూరుల నుంచి సగం ధరకి దొరుకుతున్నాయని కూడా ఎవరో ఒకరు చెబుతారు. ఫ్రేమ్‌ని తట్టి, చూసి చెప్పగల మనిషి పక్కన లేకుండా, ఫొటోలు చూసి మాత్రం డబ్బు పంపకండి. సెకండ్ హ్యాండే కావాలంటే అల్యూమినియంది చూడండి, బిల్లు, ఫ్రేమ్ నంబరు రెండూ కలుస్తున్నాయో లేదో సరిపోల్చుకున్నాకే.