నక్షత్రం రంగును ఎంతవరకు నమ్మవచ్చు?

ప్రశ్న: నక్షత్రం రంగును కొలిచి అది ఏ వర్ణపట తరగతికి (వేడి తగ్గే వరుసలో ఓ, బి, ఏ, ఎఫ్, జి, కె, ఎం) చెందుతుందో చెప్పవచ్చని చదివాను. మధ్యలో ధూళి అడ్డుపడి రంగే మారిపోతే ఆ లెక్క తప్పదా?
– డిగ్రీ విద్యార్థిని, దేవరకొండ

జవాబు: తప్పుతుంది, అదీ చిన్న తప్పు కాదు. పసుపుపచ్చ టార్పాలిన్ కింద పోసిన బత్తాయిలు పండినట్టే కనిపించి, ఇంటికొచ్చాక పచ్చివని తేలడం నల్లగొండ జిల్లావారికి కొత్తేమీ కాదు కదా!

జాన్సన్, మోర్గాన్ 1953లో ప్రకటించిన పద్ధతిలో నక్షత్ర కాంతిని అతినీలలోహిత (యు), నీలి (బి), కంటికి బాగా ఆనే పసుపు-ఆకుపచ్చ (వి) ఫిల్టర్ల గుండా కొలుస్తారు. బి పరిమాణం (ప్రకాశాన్ని చెప్పే సంఖ్య, కాంతి తగ్గేకొద్దీ ఇది పెరుగుతుంది) నుంచి వి పరిమాణాన్ని తీసివేస్తే వచ్చే వర్ణ సూచిక అభిజిత్తుకు (వేగా నక్షత్రం) 0, సూర్యునికి సుమారు 0.65. సర్పధారి మండలంలోని జీటా నక్షత్రానికి అది 0.02 కనుక, రంగును మాత్రమే నమ్మితే దానిని అభిజిత్తులాగే ఏ0 తరగతిలో (అంకె ఆ తరగతిలోని ఉపవిభాగం) చేర్చాలి. కానీ వర్ణపటం ప్రకారం అది ఓ9.5 తరగతిది, అభిజిత్తుకన్నా మూడు రెట్లకు మించిన వేడి గలది. దాని సహజ సూచిక −0.30. మిగిలిన 0.32 ధూళి తెచ్చిన ఎర్రబాటు. దీనిని అరుణభ్రంశంతో (దూరమవుతున్న నక్షత్రపు వర్ణపట రేఖలు ఎరుపువైపు జరగడంతో) కలపకండి. ఇక్కడ వర్ణపట రేఖలు జరగవు, నీలికాంతి ఎక్కువగా తగ్గుతుంది, అంతే.

వర్ణపటం లేకుండానే దీనిని పట్టుకునే ఉపాయం ఒకటుంది. ధూళి బి−వి సూచికను ఒక పాలు పెంచితే యు−బి సూచికను సుమారు 0.72 పాలు పెంచుతుంది. కాబట్టి యు−బి నుంచి 0.72 రెట్ల బి−వి తీసివేస్తే ధూళి ప్రభావం దాదాపుగా కొట్టుకుపోతుంది. జీటాకు యు−బి −0.86 కనుక ఫలితం −0.87, అభిజిత్తుకు ఇది దాదాపు సున్నా, బి0 నక్షత్రాలకు −0.90. అంటే జీటా ఓ, బి తరగతుల సరిహద్దులోనిదని రంగులే చెప్పేశాయి.

అయితే ఈ ఉపాయం ఓ, బి తరగతులకే నిక్కచ్చిగా పనిచేస్తుంది. ఏ0 దాటాక ఒకే ఫలితం ఒకటికన్నా ఎక్కువ తరగతులకు సరిపోతుంది. అప్పుడు వర్ణపటం తీయక తప్పదు. ధూళి స్వభావం మారితే 0.72 కూడా కాస్త మారుతుంది.

జూలై నడుమ, మబ్బులేని రాత్రి తొమ్మిదింటికి దక్షిణాన ఎర్రటి జ్యేష్ఠకు పైన, చేయి చాచి పట్టిన పిడికిలిన్నర ఎత్తున జీటాను వెతకండి. అంత వేడి నక్షత్రమైనా నీలంగా కనిపించదు. కంటికి కనిపించే దాని కాంతిలో మనదాకా చేరుతున్నది నూటికి నలభై పాళ్లే.