డెక్ దూలాలకు స్క్రూ ఎంత లావుండాలి? మేకులు చాలవా?

చెక్క ఇంటికి ఆనించి డెక్ (చెక్క పలకల అరుగు) వేస్తున్నాం, దూలాలకు ఎంత లావు స్క్రూ కావాలి, మేకులు సరిపోవా అని అడిగారు. లావు సంగతి తర్వాత చెప్తాను. ముందు చూడాల్సింది త్రెడ్, అంటే స్క్రూ చుట్టూ ఉండే మర, తల దాకా ఉందా, సగంలో ఆగిపోయిందా అని. కొనేవాళ్లంతా పొడవు చూస్తారు, మందం చూస్తారు, ఇది మాత్రం చూడరు.

మా పెరటి పందిరికి రెండు పలకలు జత చేసి ఒకే దూలంగా బిగిస్తుంటే మధ్యలో సందు మిగిలిపోయింది. వేలిగోరు దూరేంత. వడ్రంగి బిగించిన కొద్దీ ఇంపాక్ట్ డ్రైవర్ చెవులు పగిలేలా మోగుతోంది, సందు అలాగే ఉంది. ఇంకాస్త నొక్కేసరికి టప్పున తల తెగి ఎక్కడో పడింది. "చెక్క వంకరుందండీ, చిత్రిక పట్టాలి" అన్నాడు. చెక్క నిక్షేపంగా ఉంది. పక్క స్క్రూ ఒకటి వెనక్కి తిప్పి తీసి చూపించాను, మొన నుంచి తల దాకా త్రెడ్డే. అలాంటిది పై పలకనూ పట్టుకుంటుంది, కింది పలకనూ పట్టుకుంటుంది. ఇక ఎంత తిప్పినా వాటి మధ్య దూరం తగ్గదు. సగం త్రెడ్ ఉన్నదైతే నున్నటి భాగం పై పలకలో ఊరికే జారుతుంది, కింద త్రెడ్ లాగుతుంటే తల పై పలకను అదిమి తెస్తుంది. అవి తెప్పించి పెట్టగానే పలకలు కిర్రుమంటూ కలిసిపోయాయి. ఆయనేమో "ఈ కంపెనీ మంచిదండీ" అన్నాడు!

పూర్తి త్రెడ్ దండగని కాదు. పెద్ద పెద్ద చెక్క భవనాల్లో పొడవాటి పూర్తి త్రెడ్ స్క్రూలను కావాలనే 45 డిగ్రీల వాలుగా దించుతారు. అలా దించితే లాగుడు స్క్రూ పొడవు వెంట పడుతుంది, దాని అసలు బలం అక్కడే. ఆ లెక్కలు ఇంజనీర్లు చూసుకుంటారు, మన డెక్‌కు అక్కర్లేదు.

నల్ల స్క్రూలంటే నాకు ఇంకా మంట. అవి జిప్సం బోర్డు కోసం చేసినవి. గట్టివే గానీ పెళుసు. మేకైతే కనీసం వంగుతుంది, ఇవి చెప్పాపెట్టకుండా పుటుక్కుమంటాయి. బరువు మోసే చోట వాటిని పెట్టేవాడి చేతిలోంచి డ్రిల్లు లాగేసుకోవాలి. ప్లస్ గాడి తలలు కూడా అంతే, బిట్టు జారి గాడి అరిగిపోతుంది. నక్షత్రం గాడి 1967లోనే వచ్చింది, ఇంకా ఈ ప్లస్ ఎందుకు అమ్ముతారో!

ఇక లావు. ఇంటికి బిగించే దూలాన్ని మేకుల మీద వదిలేయకండి. డెక్కులు కూలేది ఎక్కువగా అక్కడే, మేకులు నెమ్మదిగా బయటికొచ్చేసి. 12 మిల్లీమీటర్ల ల్యాగ్ స్క్రూలు (పానాతో తిప్పే లావాటి చెక్క స్క్రూలు) గానీ, అటు నుంచి ఇటు దూసుకొచ్చే బోల్టులు గానీ వాడండి. ల్యాగ్ స్క్రూకి ముందు రంధ్రం వేయాల్సిందే. త్రెడ్ దిగే చోట మెత్తటి చెక్కకు 8, గట్టి చెక్కకు 9 మిల్లీమీటర్లు, నున్నటి భాగానికి పూర్తి 12. వాషర్ వేసి పానాతో తిప్పండి, సుత్తితో కొడితే నార చిరిగి పట్టు పోతుంది. దూలం కోసిన చివర్లోకి, నార వెంట దించినా పట్టు తక్కువే.

చెక్క పుచ్చకుండా రాగి కలిసిన మందు పట్టించినదైతే పల్చటి జింక్ పూతను అది తినేస్తుంది. కరిగిన జింక్‌లో ముంచి తీసినవి గానీ స్టెయిన్‌లెస్‌వి గానీ తీసుకోండి. స్టెయిన్‌లెస్ కాస్త మెత్తన, గట్టి చెక్కలో దించేటప్పుడే తెగుతుంది. ముందు అదే సైజు మామూలు ఉక్కు స్క్రూని దించి తీసేసి, ఆ దారిలో మైనం రాసిన స్టెయిన్‌లెస్‌ని పంపండి.