థీసిస్‌లో ఏఐ: ఎక్కడ వాడొచ్చు, ఎక్కడ ఆగాలి?

ప్రశ్న: సోషియాలజీలో పీజీ థీసిస్ రాస్తున్నాను. ఇళ్లలో పని చేసే 24 మంది మహిళలతో ఇంటర్వ్యూలు పూర్తయ్యాయి. లిటరేచర్ రివ్యూకి, ఇంటర్వ్యూల విశ్లేషణకి చాట్‌జీపీటీ లాంటివి వాడొచ్చా? మా గైడ్ ‘వాడితే దాచొద్దు’ అన్నారు గానీ ఎంతవరకు వాడొచ్చో చెప్పలేదు.

జవాబు: ఆ 24 ఇంటర్వ్యూల్లో ఒక్కటి కూడా ఇంకా ఏ చాట్‌బాట్‌లోనూ పెట్టకపోయి ఉంటే ప్రస్తుతానికి అలాగే ఉంచండి. ముందు మీ సమ్మతి పత్రం తీసి చదవండి. ‘సమాచారం పరిశోధకురాలి దగ్గరే ఉంటుంది’ అని అందులో రాసి ఉంటే, దాన్ని బయటి కంపెనీ సర్వర్‌కి పంపడం ఆ మహిళలకిచ్చిన మాట తప్పడమే. పేర్లు కొట్టేస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు, సరిపోదు. వయసు, ఉండే పేట, పిల్లల సంఖ్య, పని చేసే ఇంటి వివరం కలిస్తే ఆమెవరో తెలిసినవాళ్లు ఇట్టే గుర్తుపడతారు. యజమాని మీద చెప్పిన మాట బయటపడితే పోయేది ఆమె ఉపాధి. అందుకే మారుపేర్ల పట్టికను వేరే ఫైల్‌లో పాస్‌వర్డ్ పెట్టి దాచండి. ఏఐ టూల్ వాడక తప్పదనుకుంటే ముందు ఎథిక్స్ కమిటీ అనుమతి తీసుకోండి.

ఆడియోని అక్షరాల్లోకి మార్చడానికి విస్పర్ లాంటి మోడల్‌ని ఇంటర్నెట్ అవసరం లేకుండా మీ కంప్యూటర్‌లోనే నడపొచ్చు. అప్పుడు రికార్డింగ్ బయటికి పోదు. కాకపోతే మాట్లాడేవాళ్లు కాసేపు ఆగిన చోట అది ఎవరూ అనని వాక్యాలు చేర్చడం పరిశోధకులు గమనించారు. కాబట్టి ప్రతి రికార్డింగ్‌నీ ఆ టెక్స్ట్ పక్కన పెట్టుకుని మొదటి నుంచి చివరిదాకా వినాలి.

విశ్లేషణ దగ్గర తొందరపడకండి, మీ థీసిస్ విలువంతా ఇక్కడే ఉంది. మొదటి 5 ఇంటర్వ్యూలు మీరే చదివి, మీరే కోడ్‌లు, అంటే ఏ మాట దేని గురించో చెప్పే చిన్న గుర్తులు, పెట్టండి. ఒక్కో కోడ్‌కి పేరు, నిర్వచనం, ఏవి దాని కిందికి వస్తాయి, ఏవి రావు, ఒక ఉదాహరణ రాసుకోండి. ఇదే మీ కోడ్‌బుక్. ముందే ఏఐని అడిగితే ‘సవాళ్లు’, ‘సాధికారత’ లాంటి, ఏ అధ్యయనానికైనా అతికే థీమ్‌లు వస్తాయి. ఆ తర్వాత మీ కళ్లు కూడా వాటినే వెతుకుతాయి. ఒకామె ‘వాళ్లు మంచోళ్లేలెండి’ అందనుకోండి. అది మెచ్చుకోలా, ఇక ఆ సంగతి వదిలేయమనడమా? మిషన్‌కి అందేది అక్షరాలే. ఆ మాటకు ముందు ఆమె ఎంతసేపు మౌనంగా ఉందో మీకు తెలుసు. కోడ్‌బుక్ సిద్ధమయ్యాక, ఇంటర్వ్యూలేవీ ఇవ్వకుండా ‘ఈ రెండు నిర్వచనాలు ఎక్కడ కలిసిపోతున్నాయి?’ అని ఏఐని అడిగితే మంచి ఉపయోగం ఉంటుంది. అనుమతి తీసుకుని ఇంటర్వ్యూలే ఇచ్చినా, అది చూపించిన ప్రతి కొటేషన్‌నీ అసలు ఫైల్‌లో వెతకండి. కొన్ని అందులో ఉండవు.

లిటరేచర్ రివ్యూలో అందరూ భయపడేది లేని రిఫరెన్సుల గురించి. చాట్‌బాట్ తర్వాత రావడానికి వీలున్న పదాన్ని అంచనా వేస్తూ పోతుంది కాబట్టి, నిజమైన రచయిత పేరుకి నిజమైన జర్నల్ పేరు జోడించి, ఎవరూ రాయని వ్యాసాన్ని పుట్టించగలదు. 2023లో న్యూయార్క్‌లో ఇలా పుట్టిన కేసులను కోర్టుకి సమర్పించినందుకు లాయర్లకు 5,000 డాలర్ల జరిమానా పడింది. డీఓఐ నంబర్ (ఒక్కో వ్యాసానికి ఆన్‌లైన్‌లో ఉండే శాశ్వత గుర్తింపు సంఖ్య) కొట్టి చూడండి, తెరుచుకున్నది అదే వ్యాసమో కాదో కూడా చూడండి. దీనికన్నా పట్టుకోవడం కష్టమైన తప్పు ఇంకోటుంది: వ్యాసం నిజమే, కానీ అందులో లేని మాటను దానికి అంటగట్టడం. రెండు విషయాలు కలిసి కనిపించాయని వ్యాసం చెబితే, ఒకటి రెండోదానికి కారణమని సారాంశంలో వచ్చేస్తుంది. కాబట్టి ఏ పేజీ మీ వాక్యానికి ఆధారమో చదవకుండా రిఫరెన్స్ ఇవ్వకండి. ఏఐ బాగా పనికొచ్చేది వెతికే పదాలకి: ‘డొమెస్టిక్ వర్క్’ అని మాత్రమే వెతికేవారికి ‘కేర్ వర్క్’, ‘ఇన్‌ఫార్మల్ ఎంప్లాయ్‌మెంట్’ లాంటి దారులు చూపిస్తుంది. వ్యాసాలు మాత్రం లైబ్రరీ డేటాబేస్ నుంచే తీసుకోండి.

భాష దిద్దించుకోవడంలో తప్పు లేదు, మీ యూనివర్సిటీ నిబంధనలు ఒప్పుకుంటే. దిద్దిన పేరాని పాతదాని పక్కన పెట్టి చూడండి. ‘ఉండొచ్చు’ అన్నది ‘ఉంది’ అయిపోతుంది, ‘వేతనం’ అన్నచోట ‘ఆదాయం’ వచ్చి కూర్చుంటుంది.

సొంతంగా రాసినా ఏఐ రాసిందని అనుమానిస్తారేమోనన్న భయం న్యాయమైనదే. పసిగట్టే టూల్స్ పొరబడతాయి. ఓపెన్‌ఏఐ తన సొంత డిటెక్టర్‌ని కచ్చితత్వం తక్కువని 2023 జులైలో ఆపేసింది. ఇంగ్లిష్ మాతృభాష కానివారి వ్యాసాలను ఇవి ఎక్కువగా తప్పుపడుతున్నాయని అదే ఏడాది స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు చూపించారు. మీ చేతిలో ఉండాల్సిన సాక్ష్యం తేదీలతో ఉన్న డ్రాఫ్టులు, చేతిరాత నోట్సు, కోడ్‌బుక్ పాత రూపాలు. రేపు రీసెర్చ్ ఉద్యోగాల ఇంటర్వ్యూలోనూ ఆ కోడ్‌బుక్ చూపించొచ్చు.

ఇవాళే ఒక చిన్న పట్టిక మొదలుపెట్టండి: తేదీ, టూల్ పేరు, వెర్షన్, ఏమడిగారు, అందులో ఏం వాడుకున్నారు. దాని ఆధారంగా మెథడాలజీ అధ్యాయంలో నాలుగు వాక్యాలు చాలు. ఉదాహరణకి: ‘వెతికే పదాల కోసం, 2, 3 అధ్యాయాల్లో భాష సవరణ కోసం ఫలానా టూల్ వాడాను. ఇంటర్వ్యూల సమాచారం ఏదీ దానికి ఇవ్వలేదు. కోడింగ్ పూర్తిగా నేనే చేశాను. రిఫరెన్సులన్నీ అసలు వ్యాసాలతో సరిచూశాను.’ ఈ నాలుగు వాక్యాలనే ఈ వారంలో మీ గైడ్‌కి ఈమెయిల్ చేసి, ‘ఇంతవరకు సమ్మతమేనా?’ అని అడగండి. జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.