ప్రార్థన అంశం పేరుతో మన గుట్టు పదిమందిలో పడితే

ప్రశ్న: మావారి ఉద్యోగం పోయి ఏడాదిన్నర. అప్పుల సంగతి సంఘంలో ఒక అక్కకి మాత్రమే చెప్పుకుని ఏడ్చాను. ఆ ఆదివారమే ఆమె స్త్రీల కూటంలో లేచి, నా పేరు చెప్పి మరీ ప్రార్థన అంశంగా పెట్టింది. అప్పట్నుంచి చర్చికి వెళ్లడం మానేశాను. మావారేమో 'తగిన సమయంలో దేవుడే తలుపు తెరుస్తాడు' అంటూ చిన్న ఉద్యోగాలు వచ్చినా వద్దంటున్నారు. నా విశ్వాసం తక్కువ కాబట్టే ఇలా ఉందని అత్తగారి మాట. ఇంట్లో ప్రార్థన చేసుకుంటే సరిపోదా? ఆయన్ని పనికి వెళ్లమనడం అవిశ్వాసమా?
– ఒక సోదరి

జవాబు: అమ్మా, ముందు మీ అత్తగారి మాట. మీరు దాన్ని ఒక్క ముక్కలో రాసి వదిలేశారు కానీ, మిమ్మల్ని లోపల్నుంచి తినేస్తున్నది అదేనని నాకనిపించింది. పుట్టుగుడ్డివాణ్ణి చూసి 'పాపం చేసింది ఇతనా, ఇతని అమ్మానాన్నలా' అని శిష్యులే అడిగారు. ఎవరూ కాదన్నాడు యేసు. అబ్రాహాము హారాను నుంచి బయల్దేరినప్పుడు వయసు 75, దేవుడు మాటిచ్చిన కొడుకు ఇస్సాకు పుట్టేసరికి 100. ఆ పాతికేళ్లకి ఆయన విశ్వాసం తక్కువని ఎవరూ అనరు, మీ ఏడాదిన్నరకి మాత్రం ఆ లెక్కేమిటి? అత్తగారితో వాదనకి మాత్రం దిగకండి. కొడుకు ఖాళీగా కూర్చుంటే ఏ తల్లికైనా భయమే. ఆ భయం కోడలి మీదకి మళ్లడం చాలా ఇళ్లలో చూశాను.

ఇక ఆ అక్క సంగతి. మీకు జరిగింది నమ్మకద్రోహమే. 'ప్రార్థన అంశం' అని తగిలిస్తే పక్కింటి గుట్టు చెప్పడం కూడా భక్తిలాగే కనిపిస్తుంది, చెప్పేవాళ్లకే ఒక్కోసారి ఆ తేడా తెలియదు. అప్పు ఎంతో, ఎవరి దగ్గరో దేవుడికి వివరించి చెప్పాలా? ఆ వివరాలు కావాల్సింది వినేవాళ్లకి.

ఎవరైనా మన పట్ల తప్పు చేస్తే ముందు ఒంటరిగా వెళ్లి వాళ్లతోనే మాట్లాడమని మత్తయి సువార్త 18వ అధ్యాయంలో ఉంది. పాస్టర్ గారి దగ్గరికో, ఇంకో అక్క దగ్గరికో వెళ్లడం తర్వాతి మాట. 'అక్కా, ఆ రోజు మీకొక్కరికే చెప్పుకున్నాను. పదిమందిలో నా పేరు వినేసరికి తల ఎత్తుకోలేకపోయాను. ఇకమీదట నన్ను అడగకుండా ఎక్కడా చెప్పకండి.' ఇంతే చెప్పండి. ఆమె తప్పు తెలుసుకుని బాధపడితే సంతోషం. 'నీ మంచికేగా చెప్పాను' అని ఎదురు తిరిగినా, మీరు అనాల్సింది అనేశారు. క్షమించండి. క్షమించాక మళ్లీ అన్నీ ఆమెకే చెప్పుకోవాలని రూలేం లేదు.

ఇంట్లో ప్రార్థన సరిపోదా అంటే, కొన్నాళ్లు సరిపోతుంది. కానీ సంఘానికి దూరమై ఒంటరిగా ఎదురుచూసేవాళ్లు నెమ్మదిగా దేవుడితో మాట్లాడటం కూడా తగ్గించేయడం నేను చూశాను. పక్షవాయువు మనిషిని నలుగురు యేసు దగ్గరికి మోసుకొస్తే, ఇంటి నిండా జనం. పైకెక్కి, కప్పు విప్పి, పరుపుతో సహా దించారు. యేసు 'వారి విశ్వాసము' చూశాడని మార్కు తన సువార్తలో రాశాడు. పడుకున్నవాడి విశ్వాసం ఎంతో విడిగా లెక్క చెప్పలేదు. నోట ప్రార్థన రాని రోజుల్లో నాకు ఆ మాటే ఆసరా. ఇంకోటి గమనించండి: మోసింది నలుగురే, దారికి అడ్డం నిలబడింది జనం. మీ బరువు సంఘమంతటికీ అప్పగించక్కర్లేదు, మోసేవాళ్లు ఇద్దరు దొరికినా చాలు. మీ దగ్గర ఎప్పుడూ ఇంకొకరి ఇంటి సంగతి ఎత్తనివాళ్లని చూసుకోండి. వచ్చి ఊరికే పక్కన కూర్చోగలిగినవాళ్లని చూసుకోండి. అన్నీ పోగొట్టుకున్న యోబు దగ్గరికి వచ్చిన స్నేహితులు ఏడు రోజులు నోరు విప్పకుండా అతనితో నేల మీద కూర్చున్నారు, అంతవరకు బాగానే ఉన్నారు పాపం. మాట్లాడటం మొదలుపెట్టాకే చెడింది.

మీవారు అన్నదాంట్లో అబద్ధం లేదు, కాకపోతే అది సగమే. అపొస్తలుడైన పౌలు కొరింథు పట్టణంలో వాక్యం చెబుతూనే డేరాలు కుట్టే పని చేశాడు. పరిగె ఏరుకోవడానికి వెళ్తానని రూతు తనంతట తనే అత్త నయోమిని అడిగింది. అడుగుపెట్టిన పొలం, తర్వాత తనని ఆదుకున్న బోయజుదని ఆమెకి అప్పటికి తెలియదు. కాబట్టి మీరడగడం అవిశ్వాసం కానే కాదు. అడిగే తీరు చూసుకోండి. 'ఎన్నాళ్లిలా కూర్చుంటారు' అంటే ఆయనొక వచనం తీస్తారు, మీరొకటి తీస్తారు, అది తెగదు. ఒక సాయంత్రం కాగితం పెట్టుకుని పక్కపక్కన కూర్చోండి. ఇంటి ఖర్చు, కట్టాల్సిన వాయిదా, చేతిలో ఉన్నది, మూడూ ఆయన చేతే రాయించండి. అప్పుడు, 'మంచి ఉద్యోగం కోసం ప్రార్థన ఆపొద్దు. అది వచ్చేదాకా ఒక ఆరు నెలలు ఏదైనా చిన్న ఉద్యోగం చేస్తూ ఎదురుచూద్దామా' అని అడిగి చూడండి.

నాకొక అనుమానం కూడా ఉంది. మళ్లీ కాదంటారేమోనన్న భయం, పాత హోదా పోయిందన్న సిగ్గు మీవారి ఆ వాక్యం వెనక దాక్కున్నాయేమో. ఆయనకి రెండు వారాలకి మించి నిద్ర, తిండి సరిగ్గా లేక, దేని మీదా ఆసక్తి లేకుండా ఉంటే డాక్టర్‌కి చూపించండి. చచ్చిపోతే బాగుండు లాంటి మాట వినపడితే ఆ రోజే తీసుకెళ్లండి, ఒక్కర్నీ వదలకండి.

మీరు ఏడవకుండా ఉంటేనే ఓర్పు అనుకోవద్దు. 13వ కీర్తన మొదటి రెండు వచనాల్లోనే ఎంతకాలం, ఎంతవరకు అని దేవుణ్ణి నాలుగుసార్లు నిలదీస్తాడు దావీదు. మీకూ ఆ చనువుంది, వాడుకోండి.

చర్చికి వచ్చే ఆదివారమే వెళ్లి తీరాలని ఏం లేదు. వెళ్లిన రోజు చివరి వరుసలో కూర్చుని, ఆఖరి ప్రార్థన అవగానే లేచి రండి. గుమ్మం దగ్గర ఎవరైనా ఆపి 'ఏమైనా వచ్చిందా' అంటే, 'ఇంకా లేదండీ, వస్తే మీకు తెలియకుండా ఉంటుందా' అని నవ్వేసి బయటపడండి.