స్క్రాపర్‌కు పదును పెట్టబోతున్న అమ్మలుకి

అమ్మలూ,

టేబుల్ పైచెక్కను ఉప్పుకాగితంతో కాకుండా స్క్రాపర్‌తో నున్న చేస్తానన్నావని మీ అమ్మ చెప్పింది. ఎంత సంతోషమేసిందో అంత టెన్షన్ కూడా పట్టుకుంది. నార అడ్డదిడ్డంగా తిరిగిన గట్టి చెక్కకు చిత్రిక పడితే పెచ్చులు లేస్తాయి. అలాంటి చెక్క కూడా స్క్రాపర్‌కు లొంగుతుంది. కానీ చూడ్డానికి అది పిడి కూడా లేని ఓ రేకుముక్క కాబట్టి ఎవరూ దానికి భయపడరు. నా భయమంతా అందుకే.

మామూలు సంగతులు ముందు చెప్పేస్తాను. రేకును వైస్‌లో బిగించి, సన్నపళ్ల ఆకురాయితో అంచును సరిగ్గా 90 డిగ్రీలకు సమం చెయ్యి. పిడి లేని ఆకురాయిని ముట్టుకోకు, దాని మొన అరచేతిలో దిగుతుంది. తర్వాత అంచునూ రెండు ముఖాలనూ సానరాయి మీద నూరు. ఆకురాయి గీతలు ఒక్కటీ మిగలకూడదు, మిగిలితే చెక్క మీద చారలు పడతాయి. నీకు చిన్నప్పటి నుంచీ ఓపిక తక్కువ, అందుకే గట్టిగా చెబుతున్నాను.

ఇప్పుడు కొక్కెం. స్క్రాపర్ ఉక్కు ఉలి ఉక్కంత గట్టిది కాదు. అందుకే దానికన్నా గట్టి, నున్నటి కడ్డీతో రుద్దితే అంచు సాగుతుంది. ముందు రేకును బల్ల మీద పరిచి, ముఖం మీద కడ్డీని రుద్ది అంచును బయటికి లాగాలి. తర్వాత వైస్‌లో నిలబెట్టి, అంచు మీద రుద్ది పక్కకు వంచాలి. ఆ చిన్న వంపే కొక్కెం, చెక్కను కోసేది అదే.

మీ నాన్న ఎడమచేతి బొటనవేలి మొదట్లో ఉన్న మచ్చ ఈ పనిలో వచ్చిందే. మీకెప్పుడూ చెప్పలేదనుకుంటా. అప్పుడు ఇద్దరం ఒకే బల్ల మీద పని నేర్చుకుంటున్నాం. ఎంత గట్టిగా నొక్కితే అంత పెద్ద కొక్కెం, అంత పదును అని వాడి లెక్క. మొదటిసారే కడ్డీని బాగా వాల్చి, ఒళ్లంతా మోపి లాగాడు. కొక్కెం లోపలికి చుట్టుకుపోయింది. స్క్రాపర్‌ను మామూలుగా పట్టుకుంటే కొక్కెం చెక్కను అసలు కొరకలేదు. వేళ్ల కణుపులు చెక్కను రాసుకునేంతగా ముందుకు వంచితే కాస్త పొడి రాలింది. పొడి వచ్చిందంటే కోత లేదన్నమాట. అక్కడితో ఆగి, ఆకురాయితో అంచును మళ్లీ మొదటి నుంచి చేసుకోవాలి. వాడేమో ఇంకా నొక్కాలనుకున్నాడు. కడ్డీకి నూనె కూడా రాయలేదు. అది మూల దాటి జారింది, చేయి దాని వెంటే వెళ్లింది. నేను పక్కనే ఉన్నాను. ఆ రక్తం చూసి నాకే కాళ్లు ఆడలేదు. వాడు మాత్రం "అన్నయ్యా, నాన్నకు చెప్పకు" అన్నాడు.

నువ్వూ అచ్చం వాడిలాగే మొండిదానివి. అందుకని విను. కడ్డీకి చుక్క నూనె రాయి. రేకు మూలల్ని కొద్దిగా గుండ్రం చెయ్యి, చేతికీ మంచిది, చెక్క మీద గీతలూ పడవు. మొదటి లాగుడు కడ్డీని నేలకు సమాంతరంగా పట్టి, తర్వాత కొంచెం కొంచెంగా వాలుస్తూ 5 నుంచి 10 డిగ్రీల దాకా. అంతకు మించొద్దు. వెన్నను కత్తితో సర్దేటంత బలం చాలు. కొక్కెం వచ్చిందో లేదో కంటికి సరిగా కనబడదు. వేలికొసను ముఖం మీది నుంచి అంచు బయటికి జార్చి చూడు, తగులుతుంది. అంచు పొడవునా మాత్రం వేలు నడపకు తల్లీ.

సరిగ్గా కుదిరితే ఉల్లిపొరలాంటి సన్నటి పేళ్లు వస్తాయి. వాడగా వాడగా కొక్కెం అరిగి మళ్లీ పొడి మొదలైతే ఆకురాయి దాకా వెళ్లక్కర్లేదు, కడ్డీతో కొక్కేన్ని సాపు చేసి మళ్లీ వంచితే కొన్నిసార్లు పనిచేస్తుంది. ఒకేచోట గీకితే గుంట పడుతుంది. మెత్తటి కలప మీద ఇది బాగా నడవదు, పైన అతికించిన పలచని పొరైతే చిల్లే పడుతుంది. నీ టేబుల్ ఏ కలపో ముందు రాయి.

గీకుతుంటే రేకు బాగా వేడెక్కుతుంది, బొటనవేళ్లు కాలతాయి. ఫ్రిజ్‌కు అతికించే పలచని అయస్కాంతం ముక్కను వెనక పెట్టుకో. మొదట టేబుల్ అడుగున గీకి చూడు, పేళ్లు ఫోటో తీసి పంపు. కడ్డీ ఇంకా కొనకపోతే కొనకు, నా దగ్గరున్నది పంపిస్తాను.

మీ పెదనాన్న