ఆడపిల్లకి 'నీవ్' అనే ఐరిష్ పేరు పెట్టొచ్చా?

నిస్సంకోచంగా పెట్టుకోండి. మీలాగే మేమూ ఐర్లండ్‌లో, డబ్లిన్‌లోనే ఉంటాం, మా పెద్దమ్మాయి పేరు నీవ్. అర్థం ఏమిటి, ఊళ్ళో పెద్దవాళ్ళకి నోరు తిరుగుతుందా అని అడిగారు కదా, మా ఇంట్లో జరిగింది చెప్తాను.

అర్థం కాంతి, తేజస్సు. కానీ ఇక్కడివాళ్ళకి ఆ పేరు వినగానే గుర్తొచ్చేది ఒక కథ. ముసలితనమే లేని తీర్ నా నోగ్ అనే లోకపు రాకుమారి నీవ్. బంగారు జుట్టు పిల్ల. తెల్లగుర్రం మీద వచ్చి, ఫిన్ మాక్ కూల్ అనే ఐరిష్ వీరుడి కొడుకు ఒషీన్‌ని వరించి తీసుకెళ్తుంది. అక్కడ మూడేళ్ళు గడిచాయనుకుంటాడతను. ఇంటి మీద బెంగపడితే, గుర్రాన్నిచ్చి పంపుతూ 'నేల మీద కాలు మోపకు' అని మరీ మరీ చెప్తుంది. తీరా వచ్చి చూస్తే ఇక్కడ 300 ఏళ్ళు అయిపోయాయి, తనవాళ్ళు ఒక్కరూ లేరు. బండరాయి ఎత్తలేక అవస్థపడుతున్నవాళ్ళకి సాయం చేయబోయి గుర్రం మీంచి పడతాడు. పడీ పడగానే పండు ముసలి అయిపోతాడు.

పక్కింటి పెద్దాయన ఈ కథ చెప్తుంటే నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. ఊరు వదిలొచ్చిన మనలాంటివాళ్ళకి ఒషీన్ బెంగ ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు. మా అమ్మ మాత్రం 'ఏడుపు కథలో పేరు పసిపిల్లకెందుకే' అంది. 'సీత పేరు పెట్టుకోవడం మానేశామా?' అన్నారు నాన్న. ఇక ఆ మాట మళ్ళీ రాలేదు.

పలకడం మనకి చాలా తేలిక. బారసాలలో నాన్న బియ్యం మీద ఉంగరంతో ఇట్టే రాసేశారు. అమ్మ 'నీవూ' అని సాగదీసి పిలుస్తుంది, ముద్దుగానే ఉంటుంది.

చిక్కంతా ఇంగ్లిష్ అక్షరాలతోనే: ఎన్, ఐ, ఏ, ఎం, హెచ్. ఐరిష్‌లో ఎం పక్కన హెచ్ వస్తే 'వ' అని పలుకుతారు. ఐర్లండ్‌లో ఇబ్బంది లేదు గానీ, హైదరాబాద్‌లో 'నియామ్' అని చదువుతారు. అలాగని స్పెల్లింగ్ మాత్రం మార్చకండి. ఇంగ్లిష్ పాలనలో ఇక్కడి ఊళ్ళ పేర్లూ ఇంటిపేర్లూ ఇంగ్లిష్ నోటికి తగ్గట్టు మారిపోయాయి. నిలబడ్డ పేరుని మనం మళ్ళీ మార్చడం నాకు బాధగా ఉంటుంది.

రెండో పేరుగా నానమ్మదో అమ్మమ్మదో పెట్టుకోండి, మేమలాగే చేశాం. బిడ్డ పుట్టిన మూడు నెలల్లోపు ఇక్కడ జననం రిజిస్టర్ చేయించాలి. సంతకం పెట్టేముందు ఒక్కో అక్షరం సరిచూసుకోండి, తర్వాత పాస్‌పోర్టులోకీ అదే వెళ్తుంది.